పిత్తనాళానికి ఏ స్టెంట్: ప్లాస్టిక్‌దా, మెటల్‌దా?

గాజుగుడ్డలో పెట్టి డాక్టరు చూపించిన ఆ గొట్టం బాల్‌పెన్ రీఫిల్ కంటే పెద్ద లావేమీ లేదు. పొడవు తొమ్మిది సెంటీమీటర్లు. జారిపోకుండా రెండు కొసల దగ్గర చిన్న రెక్కలు ఉన్నాయి. లోపలంతా చెరువు అడుగు ఒండ్రు లాంటి గోధుమరంగు మడ్డి గట్టిపడి ఉంది. ఒక కొస నుంచి చూస్తే రెండో కొస వెలుతురు కనిపించలేదు. కాలేయం నుంచి పేగుకు పైత్యరసం చేర్చే పిత్తనాళం మూసుకుపోతే, దారి తెరిచి ఉంచడానికి నాలుగు నెలల కిందట మా పెద్దనాయినకు అమర్చిన ప్లాస్టిక్ స్టెంట్ అది. మూడు నెలలకే మార్చాల్సింది. "మళ్లీ ప్లాస్టిక్‌దే పెట్టమంటారా, ఈసారి మెటల్‌ది పెట్టమంటారా? పది నిమిషాల్లో చెప్పండి" అని డాక్టరు లోపలికి వెళ్లిపోయారు. పెద్దనాయిన కొడుకు నా వైపు తిరిగి, "అన్నా, ఏది పెట్టమందాం?" అన్నాడు.

హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం చెప్పినవాణ్ని. పైత్యరసం ఎక్కడ పుడుతుందో, ఏ దారిన పేగులోకి చేరుతుందో బోర్డు మీద ఎన్నోసార్లు బొమ్మ గీసినవాణ్ని. అయినా ఆ పది నిమిషాల్లో జవాబు చెప్పడానికి కావలసిన విషయం నా దగ్గర లేదు. ఆ తర్వాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న రేపు ఏ ములుగు నుంచో, పరకాల నుంచో, మహబూబాబాద్ నుంచో వచ్చిన మరొక కుటుంబానికి ఎదురైనప్పుడు, జవాబు కేవలం ధరను బట్టి తేలిపోకూడదన్నదే నా ఆరాటం.

కాలేయం రోజుకు సుమారు అర లీటరు నుంచి ఒక లీటరు వరకు పైత్యరసం తయారు చేస్తుంది. కాలేయంలోని సన్నని నాళాలు చెట్టు కొమ్మల్లా కలుస్తూ వచ్చి, కుడి, ఎడమ నాళాలుగా మారి, చివరికి ఒకే పిత్తనాళమై, క్లోమం తలభాగం గుండా దిగి, చిన్నపేగు మొదటి భాగంలోకి తెరుచుకుంటుంది. ఆరోగ్యవంతుల్లో ఈ నాళం వెడల్పు సుమారు ఆరు మిల్లీమీటర్లు. ఇంత సన్నని దారిని మూసేయడానికి పెద్ద గడ్డ అక్కర్లేదు. క్లోమం తలలో పుట్టిన క్యాన్సర్, పిత్తనాళం గోడలోనే పుట్టిన క్యాన్సర్, పిత్తాశయం నుంచి పాకిన క్యాన్సర్, నాళం పేగులోకి తెరుచుకునే చోట వచ్చే క్యాన్సర్, మరెక్కడి నుంచో క్యాన్సర్ పాకి ఉబ్బి, నాళాన్ని బయటి నుంచి నొక్కే లింఫు గ్రంథులు, వీటిలో ఏదైనా ఈ పని చేయగలదు. పైత్యరసంతో బయటికి పోవలసిన బిలిరుబిన్ అనే పసుపు రంగు పదార్థం రక్తంలోకి మళ్లి, కళ్లు పచ్చబడతాయి, మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, మలం రంగు పోయి సున్నపు మట్టిలా వస్తుంది. వీటన్నిటికంటే మనిషిని కుంగదీసేది దురద. మా పెద్దనాయిన రాత్రిళ్లు నిద్ర లేక, మొక్కజొన్న బెండుతో వీపు గీకించుకునేవాడు. ఒంటి నిండా గోటి చారలే.

మా వైపు కామెర్లను పసిరికలు అంటారు. పసిరికలు అనగానే పసరు తాగించడం, మణికట్టు మీద వాత పెట్టించడం, నూనె, కారం మాన్పించడం ఇప్పటికీ ఊళ్లల్లో నడుస్తూనే ఉంది. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ మంచిపేరు పసరుకు దక్కుతుంది. నాళం మూసుకుపోయి వచ్చిన కామెర్లు అలా తగ్గవు, రోజురోజుకూ ముదురుతాయి. అరవై దాటిన మనిషికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, మలం తెల్లబడి, బరువు తగ్గుతుంటే అది పసరు కోసం ఆగే జబ్బు కాదు, వెంటనే కడుపు స్కానింగ్ చేయించవలసిన జబ్బు. మేము మూడు వారాలు పోగొట్టుకున్నాం.

స్టెంట్ చేసే పని ఒక్కటే, మూసుకున్న చోట దారి తెరిచి ఉంచడం. నోటి గుండా కెమెరా ఉన్న ఎండోస్కోప్ గొట్టాన్ని చిన్నపేగు దాకా దించి, పిత్తనాళం తెరుచుకునే ద్వారం నుంచి పైకి సన్నని తీగ పోనిచ్చి, రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రేలో చూస్తూ ఆ తీగ మీదుగా స్టెంట్‌ను అమరుస్తారు. ఈ పద్ధతినే ఈఆర్‌సీపీ అంటారు. నాళం మూసుకున్నవారిలో విటమిన్ కె ఒంటికి పట్టక రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది కాబట్టి ముందే ఆ పరీక్ష చేసి, అవసరమైతే ఇంజెక్షన్ ఇస్తారు. క్లోమం వాయడం ఈ ప్రక్రియ వల్ల వచ్చే ముఖ్యమైన ప్రమాదం. స్టెంట్ క్యాన్సర్‌ను తగ్గించదు. ప్లాస్టిక్‌దైనా, మెటల్‌దైనా ఆయుష్షును పెంచుతుందని రోగుల మీద జరిపిన పరిశోధనా పరీక్షల్లో తేలలేదు. కానీ కామెర్లు తగ్గితే దురద పోతుంది, ఆకలి కొంత తిరిగి వస్తుంది, కీమోథెరపీకి శరీరం అర్హమవుతుంది. బిలిరుబిన్ ఎక్కువగా ఉన్నంతకాలం కొన్ని కీమో మందులు ఇవ్వడానికి వీలుండదు కాబట్టి ఈ చివరి లాభం చిన్నది కాదు.

ఇక రెండు స్టెంట్ల తేడా. ప్లాస్టిక్ స్టెంట్‌ను వైద్యుల కొలతలో సాధారణంగా పది ఫ్రెంచ్ సైజుది వాడతారు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు కాబట్టి దాని లావు 3.3 మిల్లీమీటర్లు. అంతకంటే పెద్దది ఎండోస్కోప్ సందులోంచి దూర్చడం కష్టం. మెటల్ స్టెంట్ ఈ ఇబ్బందిని తెలివిగా దాటింది. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే మిశ్రమలోహపు తీగలతో వల లాగా అల్లిన ఈ గొట్టాన్ని నొక్కి సన్నని తొడుగులో ఉంచుతారు. అడ్డంకి దగ్గరికి చేర్చాక తొడుగును వెనక్కి లాగితే, అది తన సొంత బలంతో మెల్లగా విచ్చుకుని ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల వెడల్పుకు వస్తుంది. పూర్తిగా విచ్చుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.

3.3 నుంచి 10కి అంటే వెడల్పు మూడింతలు. కానీ ప్రవాహం మూడింతలు కాదు. సన్నని గొట్టంలో నిలకడగా పారే ద్రవం విషయంలో, పీడనం, పొడవు ఒకటే అయితే, ప్రవాహం వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే నాలుగు మూళ్లను ఒకదానితో ఒకటి గుణించాలి, ఎనభై ఒకటి వస్తుంది. ఇది లెక్కలో తేలేది. ఒంట్లో పైత్యరసం అంత ఉరవడితో పారదు, అంత ప్రవాహం శరీరానికి అవసరమూ లేదు. అయినా బావి మోటారుకు ఇంచు పైపు తీసి రెండించుల పైపు వేసిన రైతుకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

అసలు తేడా ప్రవాహం కంటే పూడికలో ఉంది. పిత్తనాళం పేగులోకి తెరుచుకునే చోట ఒక కండరం కవాటంలా పనిచేసి, పేగులోని సూక్ష్మజీవులు పైకి ఎక్కకుండా ఆపుతుంది. స్టెంట్ ఆ కవాటాన్ని దాటి పేగులోకి తొంగిచూస్తుంటుంది కాబట్టి ఆ కాపలా పోతుంది. సూక్ష్మజీవులు, ఆహారపు పీచు గొట్టంలోకి చేరతాయి. గొట్టం లోపలి గోడకు సూక్ష్మజీవులు పాచిలా అంటుకుని, తమ చుట్టూ జిగట పొరను అల్లుకుంటాయి. అవి విడుదల చేసే ఎంజైములు కరిగి ఉన్న బిలిరుబిన్‌ను కరగని రూపంలోకి మారుస్తాయి, అది కాల్షియంతో కలిసి మడ్డిగా పేరుకుంటుంది. డ్రిప్ పైపుల్లో పాచి పట్టి, దాని మీద ఉప్పు పేరుకుని, ఒకరోజు చుక్క పడకుండా పోవడం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. గాజుగుడ్డలో నేను చూసింది ఇదే. యాంటీబయాటిక్స్ రోజూ వాడితేనో, పైత్యరసాన్ని పలుచన చేసే మందు వాడితేనో ఈ పూడికను ఆపవచ్చేమోనని ప్రయత్నించారు గానీ, స్టెంట్ ఎక్కువకాలం పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం దొరకలేదు. అందుకే ప్లాస్టిక్ స్టెంట్‌ను మూసుకుపోయేదాకా ఆగకుండా, సుమారు మూడు నెలలకు ఒకసారి తీసి కొత్తది పెట్టడం ఆనవాయితీ.

మెటల్ స్టెంట్ మూసుకుపోదని కాదు. దాని దారి వెడల్పు కాబట్టి మడ్డి పూడ్చడానికి ఎక్కువ కాలం పడుతుంది. కానీ అల్లిక సందుల్లోంచి క్యాన్సర్ కణజాలం లోపలికి పెరిగి దారిని మూసేయగలదు. దీన్ని ఆపడానికి వల మీద సిలికోన్ వంటి పొరను కప్పిన స్టెంట్లు వచ్చాయి. పొర ఉన్నది కణజాలాన్ని ఆపుతుంది కానీ గోడను పట్టుకోదు కాబట్టి జారిపోయే అవకాశం ఎక్కువ. పిత్తాశయం నుంచి వచ్చే నాళపు నోటిని కప్పేస్తే పిత్తాశయం వాచే ప్రమాదమూ ఉంది. పొర లేనిది గోడలోకి కూరుకుపోయి కదలదు, ఆ కారణం చేతనే దాన్ని మళ్లీ తీయడం సాధ్యం కాదు. అది మూసుకుపోతే దాని లోపలే ఇంకో స్టెంట్ పెడతారు. పొర ఉన్నదా, లేనిదా అన్న విషయంలో వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఇంటివాళ్లు దాని మీద తల పగలగొట్టుకోనక్కర్లేదు, ఎక్స్‌రే చూస్తున్న డాక్టరుకు వదిలేయడమే మేలు.

ఈ రెండిటినీ ఎదురెదురుగా నిలబెట్టి పోల్చిన తొలి ముఖ్యమైన పరీక్ష ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. 1992లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నాళం కింది భాగంలో క్యాన్సర్ అడ్డంకి ఉన్న 105 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ప్లాస్టిక్, మరో జట్టుకు మెటల్ అమర్చారు. మధ్యస్థ లెక్కలో, అంటే సగం స్టెంట్లు మూసుకుపోయేసరికి గడిచిన కాలం చూస్తే, ప్లాస్టిక్ స్టెంట్లు 126 రోజులు, మెటల్ స్టెంట్లు 273 రోజులు తెరిచి ఉన్నాయి. ఎంతకాలం బతికారన్నదాంట్లో మాత్రం తేడా లేదు. ఆ తర్వాత జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసినా మాట మారలేదు: మొదటిసారి కామెర్లు తగ్గించడంలో రెండూ సమానమే, మళ్లీ మూసుకుపోవడం మాత్రం మెటల్‌లో తక్కువ. ఈ కారణంగానే యూరప్ ఎండోస్కోపీ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో, ఆపరేషన్‌కు వీలులేని క్యాన్సర్ అడ్డంకికి మెటల్ స్టెంట్‌నే సిఫారసు చేసింది.

ధర సంగతి ఇక్కడే మాట్లాడుకోవాలి. మన దగ్గర ప్లాస్టిక్ స్టెంట్ వేలల్లో ఉంటే మెటల్ స్టెంట్ పదుల వేలల్లో ఉంటుంది. గుండె స్టెంట్లకు ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ ధర పెట్టింది కదా, ఇదెందుకు ఇంత అని మాతో పాటు కూర్చున్న ఒకాయన అడిగారు. ఆ నియంత్రణ గుండె రక్తనాళాల స్టెంట్ల కోసం చేసింది. పిత్తనాళపు స్టెంట్‌కూ దానికీ సంబంధం లేదు. అయితే ధర పోల్చేటప్పుడు స్టెంట్‌ను స్టెంట్‌తో పోల్చడం తప్పు. ప్లాస్టిక్ స్టెంట్ మార్చిన ప్రతిసారీ ఈఆర్‌సీపీ, మత్తు, రక్తపరీక్షలు, గది అద్దె, ప్రయాణం, తోడు వచ్చినవారి కూలి పోవడం, అన్నీ మళ్లీ మొదలవుతాయి. నెదర్లాండ్స్‌లో జరిగి 2015లో వెలువడిన మరో పరీక్షలో, ఏడాది మొత్తం ఖర్చు లెక్కగడితే మెటల్‌కూ ప్లాస్టిక్‌కూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ ఆస్పత్రి సేవ ఖరీదు, స్టెంట్ చవక. ఇక్కడ చాలాచోట్ల అది తలకిందులు. అందువల్ల ఆ లెక్కను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. రోగి మూడు నాలుగు నెలలకు మించి బతుకుతాడని డాక్టరు భావిస్తే మెటల్, లేకపోతే ప్లాస్టిక్ అన్న పాత సూత్రం ఇప్పటికీ మన దగ్గర చాలామంది పాటించడానికి కారణం ఇదే. నా మటుకు నాకు, ఈ సూత్రానికి ఇంకొకటి చేర్చాలనిపిస్తుంది: రోగి ఊరు ఈఆర్‌సీపీ చేసే చోటుకు ఎంత దూరం?

కానీ దూరం దాకా వెళ్లేముందు, మెటల్ స్టెంట్‌ను తొందరపడి పెట్టకూడని సందర్భాలు చెప్పాలి. మొదటిది, జబ్బు క్యాన్సరేనని ఇంకా తేలకపోవడం. క్లోమం తల ఉబ్బిన ప్రతిసారీ అది క్యాన్సర్ కాదు. శరీరపు రక్షణ వ్యవస్థే క్లోమం మీద తిరగబడి వాపు తెచ్చే జబ్బు ఉంది, అది స్టెరాయిడ్లకు లొంగుతుంది. మన దేశంలో క్షయ వల్ల ఉబ్బిన గ్రంథులు నాళాన్ని నొక్కడమూ ఉంది. తీయడానికి వీల్లేని పొరలేని మెటల్ స్టెంట్‌ను అలాంటివారికి పెడితే, నయమయ్యే జబ్బుకు జీవితాంతపు తంటా తెచ్చిపెట్టినట్టవుతుంది. మా పెద్దనాయినకు మొదటిసారి ప్లాస్టిక్ స్టెంట్ పెట్టింది ముక్క పరీక్ష ఫలితం రాకముందు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పుడు నాకు తెలుసు. ఫలితం వచ్చిన తర్వాత, ఇక దీన్ని మెటల్‌కు మార్చుదామా అన్న మాట ఆస్పత్రి వైపు నుంచి రాలేదు, మేమూ అడగలేదు. పొరపాటు అక్కడ జరిగింది.

రెండోది, ఆపరేషన్‌కు వీలున్న రోగి. క్లోమం క్యాన్సర్ బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలుండేది సుమారు ఐదారుగురిలో ఒకరికి. ఆ ఒక్కరికి కామెర్లు ఉన్నాయని ముందు స్టెంట్ పెట్టి, తగ్గాక ఆపరేషన్ చేయడం మేలని చాలాకాలం అనుకున్నారు. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన డచ్ పరీక్ష దాన్ని తిరగరాసింది: నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో 39 శాతం మందికి, ముందు స్టెంట్ పెట్టించుకున్నవారిలో 74 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. ఆ పరీక్షలో వాడినవి ప్లాస్టిక్ స్టెంట్లు, రోగుల బిలిరుబిన్ మరీ ఎక్కువ కాదు. ఆ పరిమితులు గుర్తుంచుకోవాలి. చీము పట్టి జ్వరం వస్తేనో, దురద భరించరానిదైతేనో, ఆపరేషన్‌కు ముందు కొన్ని నెలలు కీమో ఇవ్వాల్సి వస్తేనో స్టెంట్ తప్పదు. అప్పుడు పొట్టి మెటల్ స్టెంట్ పెడితే అది ఆపరేషన్‌కు అడ్డం రాదు, కీమో మధ్యలో మూసుకుపోయి చికిత్స ఆగిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

మూడోది అన్నిటికంటే చిక్కైనది, కాలేయం ముఖద్వారంలోనే, అంటే కుడి, ఎడమ నాళాలు కలిసే కూడలిలో వచ్చే అడ్డంకి. పైన చెప్పిన పోలికలన్నీ నాళం కింది భాగానికి సంబంధించినవి. కూడలి మూసుకుపోతే ఒక్క గొట్టంతో పని జరగదు. ఏ కొమ్మను తెరిస్తే కాలేయంలో ఎంత భాగానికి దారి దొరుకుతుందో ముందే ఎమ్మారై స్కానింగ్‌లో చూసుకోవాలి. మొత్తం కాలేయంలో సగానికి పైగా భాగం నుంచి పైత్యరసం పారేటట్టు చేయగలిగితేనే ఫలితం. రంగుమందు ఎక్కించి, ఆ కొమ్మకు దారి ఇవ్వకుండా వదిలేస్తే అందులో చీము పడుతుంది. ఇక్కడ పొర కప్పిన స్టెంట్ పక్క కొమ్మల నోళ్లు మూసేస్తుంది కాబట్టి, మెటల్ పెడితే పొరలేనిదే పెడతారు. కొందరికి పక్కటెముకల సందు నుంచి సూది ద్వారా కాలేయంలోకి గొట్టం వేసి, బయట సంచి తగిలించాల్సి వస్తుంది. ఇలాంటి కేసును అనుభవం ఉన్న పెద్ద కేంద్రానికి మొదటే పంపడం మంచిది. ఒకసారి చేయి పెట్టి వదిలేసిన కూడలిని మళ్లీ సరిచేయడం చాలా కష్టం.

ఇప్పుడు దూరం సంగతి. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. కాజీపేటలో రైలెక్కగలిగినవాడికి అది పెద్ద దూరం కాదు. ఏటూరునాగారం అవతలి ఊరి మనిషికి మాత్రం వరంగల్ చేరడమే సగం రోజు. మూడు నెలల తర్వాత రావాలని డిశ్చార్జి కాగితంలో ఇంగ్లిషులో రాసిన ఒక్క వాక్యం, పత్తి ఏరే కాలంలో, కూలీలు దొరకని నవంబరులో, ఒళ్లు బాగానే ఉన్న మనిషికి గుర్తుండటం కష్టం. పెద్దనాయినకు కళ్లు తెల్లబడ్డాయి, అన్నం సహిస్తోంది. "బాగనే ఉన్న గదా, పత్తి అమ్మినంక పోదాం" అన్నాడు. చలిజ్వరం వచ్చిన రోజు ఊరి ఆర్‌ఎంపీ రెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాడు. స్టెంట్ ఉన్న మనిషికి చలితో జ్వరం వస్తే, కళ్లు మళ్లీ పచ్చబడకముందే అయినా సరే, అది స్టెంట్ మూసుకుని పిత్తనాళంలో చీము పట్టిందనే ముందు అనుమానించాలి. దానికి ఇంజెక్షన్ చాలదు, దారి తెరవాలి. గంటలు గడిచేకొద్దీ ఆ చీము రక్తంలోకి ఎక్కి బీపీ పడిపోతుంది. మూడో రోజు తెల్లవారుజామున మేము అంబులెన్సులో ఎక్కించినప్పుడు ఆయనకు మాట తడబడుతోంది.

అందుకే దూరపు ఊళ్ల రోగికి, క్యాన్సరని తేలి, ఆపరేషన్‌కు వీలులేదని తేలి, అడ్డంకి నాళం కింది భాగంలో ఉంటే, మెటల్ స్టెంట్‌కు నేను మొగ్గుతాను. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు ఈఆర్‌సీపీకి ఏమి వర్తిస్తుంది, స్టెంట్ ధరలో ఎంత చేతి నుంచి పెట్టాలి అన్నది చేరే రోజే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి; గది తలుపు దగ్గర పది నిమిషాల్లో తేల్చుకునే విషయం కాదది. డబ్బు కుదరక ప్లాస్టిక్‌దే పెట్టిస్తే అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. మార్చే తేదీని పాటిస్తే అది తన పని తాను చేస్తుంది. ఆ తేదీని తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఇంట్లో అందరికీ కనిపించే క్యాలెండరు మీద రాసిపెట్టాలి. పెట్టింది ఏ రకం, ఎంత పొడవు, ఎప్పుడు పెట్టారు అన్న వివరాల కాగితం జిరాక్సు తీసి రోగి జేబులో ఉంచాలి. అర్ధరాత్రి చలిజ్వరంతో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి తలుపు తట్టాల్సి వస్తే డ్యూటీ డాక్టరుకు చెప్పవలసిన మొదటి మాట "జ్వరం" కాదు, "పిత్తనాళంలో స్టెంట్ ఉంది" అన్నది.

ఆ రోజు మేము మెటల్‌దే పెట్టమన్నాం. పత్తి డబ్బులు ఇంకా చేతికి రాలేదు. తమ్ముడు బావమరిది దగ్గర చేబదులు తెచ్చాడు. వారం తిరిగేసరికి దురద పోయింది, బిలిరుబిన్ మామూలుకు రావడానికి ఐదు వారాలు పట్టింది. మొక్కజొన్న బెండు మంచం కింద అట్లాగే పడి ఉంది, మళ్లీ దాని అవసరం రాలేదు. ఉగాది దాటిన తర్వాత క్యాన్సర్ కాలేయానికి పాకి ఆయన పోయినప్పుడు, ఆ స్టెంట్ ఇంకా తెరిచే ఉంది.